తీర్థన్ నదిలో ట్రౌట్ వేట రివ్యూ: మన సీమ నుంచి ఏ నెలలో పోవాలి, ఎట్లా పోవాలి

అందరికీ నమస్తే. మైలవరం, గండికోట నీళ్ల మీద గాలం వేసే వీడియోలు చూసేవాళ్లు చాలా రోజుల నుంచి ఒకటే అడుగుతున్నారు. అన్నా, ట్రౌట్ (చల్లటి కొండ నదుల్లో బతికే చేప) వేట ఎట్లుంటుంది, కడప నుంచి అంత దూరం పోవడం దండగ కాదా అని. హిమాచల్‌లో కులు జిల్లాలో ఉన్న తీర్థన్ నదికి పోయొచ్చాను, ఈ వీడియో ఆ నది మీదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దండగ కాదు, ఖచ్చితంగా పోవాల్సిన చోటు. కాకపోతే నెల చూసుకొని పోవాలి, నెల తప్పితే గాలం బ్యాగులోంచి బయటికి కూడా తీయలేరు.

తీర్థన్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట బంద్. మళ్లీ మార్చిలోనే తెరుస్తారు. సంక్రాంతి సెలవులకు మనాలీ పోతున్నాం, పనిలో పని ట్రౌట్ కూడా పడదామని కామెంట్లు పెట్టినవాళ్లు ఇది బాగా వినండి. అక్కడుండే బ్రౌన్ ట్రౌట్ చలికాలంలో గుడ్లు పెడుతుంది. ఆడ చేప తోకతో కొట్టి కొట్టి గులకరాళ్లలో గుంత చేసి, అందులో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతోనే కప్పేస్తుంది. పది డిగ్రీల నీళ్లలో ఆ గుడ్లు పొదగడానికి 40 రోజుల పైనే పడుతుంది, నీళ్లు ఇంకా చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆ నెలల్లో గాలం వేయకపోయినా సరే, నదిలో దిగి నడిస్తే చాలు, కాళ్ల కింద గుడ్లు నలిగిపోతాయి.

మన దగ్గర రోహు, బొచ్చె వానాకాలం కొత్తనీరు వచ్చినప్పుడు ఎదురెక్కి గుడ్లు పెడతాయి కాబట్టి రిజర్వాయర్లలో జూలై, ఆగస్టుల్లో వేట ఆపమంటారు. అక్కడ చలికాలం, ఇక్కడ వానాకాలం, అంతే తేడా. అక్కడ ఆ నాలుగు నెలలు జనం నిజంగా ఆపుతారు, అందుకే మార్చిలో ఒడ్డున నిలబడి చూస్తే చేప కంటికి కనిపిస్తుంది. నాకు ఆ నదిలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

సరే, తెరిచి ఉన్న నెలలన్నీ ఒకటేనా అంటే కాదు. మార్చి నుంచి ఏప్రిల్ మధ్య దాకా నీళ్లు అద్దంలా ఉంటాయి. తరువాత ఎండ పెరిగేకొద్దీ పైన మంచు కరిగి ప్రవాహం పెరుగుతుంది, మధ్యాహ్నానికి నీళ్లు మసకబారతాయి, అప్పుడు పొద్దున్నే వేసినవాళ్లకే చేప. జూలై, ఆగస్టుల్లో అసలు వద్దు. 2023 జూలైలో కులు జిల్లాలో ఎలాంటి వరదలు వచ్చాయో టీవీల్లో చూసే ఉంటారు, వానాకాలంలో కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోవడం అక్కడ మామూలు విషయం. సెప్టెంబర్ మూడో వారం నుంచి అక్టోబర్ ఆఖరు దాకా మళ్లీ మంచి టైం. మన సీమ వాళ్లకు నేను ఇదే చెప్తాను, మార్చి చలికి మనం తట్టుకోలేం, అక్టోబర్ అయితే హాయిగా ఉంటుంది.

ఇంకో ప్రశ్న ఎక్కువగా వస్తోంది. గండికోటలోనో బ్రహ్మంసాగర్‌లోనో ట్రౌట్ పిల్లలు తెచ్చి వదిలితే బతకవా అని. బతకవు. దానికి 20 డిగ్రీల లోపు నీళ్లు కావాలి, 25 దాటితే ప్రాణం మీదికొస్తుంది. మన ఎండాకాలంలో రిజర్వాయర్ పైనీళ్లే 30 దాటుతాయి. వేడి ఒక్కటే కాదు, పది డిగ్రీల నీళ్లలో లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నర దగ్గరే ఆగిపోతుంది. మన కొరమీను నీళ్ల పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి మే నెలలో బురదగుంటలో కూడా ఉంటుంది. ట్రౌట్‌కు ఆ ఏర్పాటు లేదు. అయినా బయటి చేపను తెచ్చి వదిలే ఆలోచనే వద్దు, మన చెరువుల్లో జిలేబీ చేప ఎంతగా నిండిపోయిందో చూస్తూనే ఉన్నాం కదా. ట్రౌట్ కూడా హిమాలయాల చేప కాదు, బ్రిటిష్ కాలంలో గుడ్లు ఓడల్లో తెప్పించి వదిలారు. 1900 ప్రాంతంలో కాశ్మీర్‌లో, ఆ తరువాత కులులో, నీలగిరుల్లో.

ఇప్పుడు సామాన్ల సంగతి. కొరమీను కోసం వాడే గట్టి రాడ్, లావు బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం), కప్ప లూర్ (కప్ప ఆకారంలో ఉండే ఎర బొమ్మ) ఇవన్నీ ఇంట్లో పెట్టేసి పోండి. ఆరేడు అడుగుల సన్న స్పిన్నింగ్ రాడ్, చిన్న రీల్, ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల బరువు తట్టుకునే నైలాన్ లైన్, ఒకటి రెండు నంబర్ల చిన్న స్పిన్నర్లు (నీళ్లలో గిరగిరా తిరిగే మెరిసే రేకు ఎరలు) చాలు. స్పిన్నర్‌కు మూడు కొక్కేల గాలం ఉంటే తీసేసి ఒంటి గాలం కట్టండి, దాని ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేయండి. చేపను వదిలేయాలంటే అది చాలా అవసరం. పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోయి తరువాత జబ్బు పడుతుంది. వదిలేటప్పుడు తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, అది తనంతట తాను కదిలేదాకా పట్టుకోవాలి. విసిరేయకండి దయచేసి. మంచి గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి, ఆ రాళ్లు నున్నగా పాకుడు పట్టి ఉంటాయి, నీళ్ల తోపు కూడా గట్టిగా ఉంటుంది, ఒక్కరే దిగొద్దు.

చేప సైజు గురించి ఆశలు పెట్టుకోకండి. గండికోటలో పెద్ద బొచ్చె లాగినవాళ్లకు అరచేయి మించిన చేపంటే చిన్నగానే అనిపిస్తుంది. కానీ ఆ ప్రవాహంలో, ఆ సన్న రాడ్ మీద అది లాగే తీరు వేరు, స్పిన్నర్ రాయి పక్క నుంచి తిరిగే క్షణంలో పసుపు రంగు మెరుపు ఒకటి వచ్చి కొడుతుంది. ఒంటి మీద ఎర్ర చుక్కలు, వాటి చుట్టూ తెల్లటి వలయాలు, ఈ క్లిప్ ఆపి చూడండి, అంత అందమైన చేప నేను చూడలేదు.

పోయే దారి మనకు అనుకున్నంత కష్టం కాదు. తిరుపతి నుంచి నిజాముద్దీన్ పోయే ఏపీ సంపర్క్ క్రాంతి కడప, కర్నూలు మీదుగానే పోతుంది, వారంలో కొన్ని రోజులే ఉంటుంది. అనంతపురం వాళ్లకు బెంగళూరు నుంచి ఢిల్లీ పోయే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఉంది. ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి రాత్రి మనాలీ బస్సు ఎక్కి, ఔట్ అనే ఊరి సొరంగం దగ్గర దిగాలి, నిద్రలో దాటిపోకండి. అక్కడి నుంచి బంజార్, ఆ పైన గుషైనీ. పర్మిట్ మత్స్య శాఖది, గాలంతో మాత్రమే పట్టాలి, వల వేయకూడదు. రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చు, ఎంత సైజు లోపువి వదిలేయాలి అనేది పర్మిట్ తీసుకునేటప్పుడే అడగండి. నాకు అక్కడ ఒకాయన పర్మిట్ ఎవరూ అడగరులే అన్నాడు. అలాంటివాళ్ల మాట వినొద్దు, ఆ డబ్బు కొంచెమే, ఆ నది అలా ఉండటానికి ఆ నిబంధనలే కారణం. పైన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ హద్దు మొదలవుతుంది, అది 2014లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన అడవి, గాలంతో ఆ హద్దు దాటొద్దు.

దగ్గర కదా అని ట్రౌట్ కోసం ఊటీ పక్కన ఉండే అవలాంచ్ అనే చోటు గురించి అడిగేవాళ్లున్నారు. అది అటవీ శాఖ చేతిలో ఉన్న ప్రాంతం, మన బండి వేసుకొని నేరుగా పోయే వీలు లేదు, అనుమతి చేతికొచ్చాకే బయలుదేరండి. కాశ్మీర్ అయితే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా, అక్కడ నదిని ముక్కలుగా విభజించి ఎవరి ముక్క వాళ్లకు కేటాయిస్తారు. అది కొంచెం అనుభవం వచ్చాక.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇక్కడ వానాకాలంలో కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుగా పైకి తేలుతుంటే, కింద కాపలా ఉన్న తల్లిదండ్రుల కోసం సరిగ్గా ఆ గుంపు మీదే కప్ప లూర్ వేస్తున్నారు. వీడియోలు కూడా పెడుతున్నారు. ఆ జంటను తీసేస్తే ఆ గుంపు మొత్తం సాయంత్రానికి వేరే చేపల కడుపులోకి పోతుంది. ఆ వీడియోలకు లైక్ కొట్టకండి, మన ఊరి పిల్లలు అది చూసే నేర్చుకుంటారు.

అక్టోబర్ మొదటి వారంలో పోవాలనుకునేవాళ్లు ఆగస్టు మొదట్లోనే టికెట్ చూసుకోండి, రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, సంపర్క్ క్రాంతిలో స్లీపర్ త్వరగా నిండిపోతుంది. తిరుగు టికెట్ కూడా అప్పుడే ఆలోచించుకోండి, ఔట్ నుంచి ఢిల్లీకి ఒక రోజు అదనంగా పెట్టుకుంటే రోడ్డు మూసుకుపోయినా టెన్షన్ ఉండదు.