ట్రాక్షన్ కంట్రోల్ లైటు: బ్లింక్ అవుతోందా, ఆరకుండా వెలుగుతోందా?

[తెర మీద: మీటర్ బోర్డులో పసుపు లైటు. కారు బొమ్మ, కింద రెండు వంకర గీతలు.]

ట్రాక్షన్ కంట్రోల్ అంటే చక్రాలు జారకుండా చూసే సిస్టమ్. ఇగ్నిషన్ ఆన్ చేయగానే దాని లైటు వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోతుంది. అది సిస్టమ్ తనను తాను చూసుకోవడం. తడి రోడ్డు మీద వెళ్తుండగా బ్లింక్ అయితే అదీ రిపేరు కాదు. చక్రం జారింది, సిస్టమ్ ఇంజిన్ పవర్ తగ్గించి, ఆ చక్రానికి బ్రేక్ పట్టింది. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలిస్తే చాలు.

ఆరకుండా వెలుగుతూనే ఉందా? ముందు ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ బటన్ చూడండి. చెయ్యి తగిలి నొక్కుకుపోవడం మామూలే.

[తెర మీద: చక్రం వెనక సెన్సర్, దాని వైరు.]

బటన్ కాకపోతే, ముందుగా అనుమానించాల్సింది చక్రం వేగాన్ని కొలిచే వీల్ స్పీడ్ సెన్సర్‌ని. చాలా కార్లలో చక్రానికొకటి ఉంటుంది. సడన్ బ్రేక్‌లో చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా వీటి మీదే నడుస్తుంది కాబట్టి రెండు లైట్లూ కలిసి వెలుగుతాయి. సెన్సర్ కొనకు బురద, ఇనప రజను అంటుకోవడం, స్టీరింగ్ తిరిగేచోట వైరు ఒరుసుకుని తెగడం, కనెక్టర్‌లో నీళ్లు చేరి చిలుము పట్టడం, వీల్ బేరింగ్ వదులవడం: సెన్సర్ మార్చేముందు ఇవన్నీ చూడాలి. కారులోని లోపాల కోడ్‌లు చదివే పరికరం స్కానర్. చవక స్కానర్లు చాలావరకు ‘పీ’తో మొదలయ్యే ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. మనకు కావలసినవి బ్రేకులు, స్టీరింగ్ వైపు లోపాలు చెప్పే ‘సీ’ కోడ్‌లు. ఉదాహరణకు సీ0035 అంటే ముందు ఎడమ చక్రం సెన్సర్ సర్క్యూట్. ఏబీఎస్ చదివే స్కానర్ పెట్టి, నెమ్మదిగా కారు నడుపుతూ నాలుగు చక్రాల వేగాలూ చూడండి. మూడు 20 చూపిస్తూ ఒకటి సున్నా దగ్గర ఆగిపోతే దొంగ దొరికినట్టే.

ఒక చక్రానికి వేరే సైజు టైరున్నా, బ్యాటరీ బలహీనపడినా, అలైన్‌మెంట్ తర్వాత, స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సెట్ చేయకపోయినా ఈ లైటు రావచ్చు. చెక్ ఇంజిన్ లైటు కూడా ఉంటే ముందు దాని సంగతి చూడండి. ఇంజిన్ లోపం ఉన్నప్పుడు కొన్ని కార్లు ట్రాక్షన్ కంట్రోల్‌ని ఆపేస్తాయి.

ఈ ఒక్క లైటే అయితే నెమ్మదిగా నడుపుకోవచ్చు. ఏబీఎస్ లైటూ ఉంటే సడన్ బ్రేక్‌లో చక్రాలు బిగుసుకుపోవచ్చు. ఎర్ర బ్రేక్ లైటు కూడా తోడైతే మాత్రం బండి పక్కకు ఆపి, బ్రేక్ ఆయిల్ చూసి, టోయింగ్ పిలవండి.

[తెర మీద: బురదలో దిగబడిన చక్రం.]

బురదలోనో ఇసుకలోనో దిగబడినప్పుడు సిస్టమ్ పవర్ కోసేస్తూ బండిని కదలనివ్వదు. అక్కడ మాత్రం ఆఫ్ బటన్ మీరే నొక్కండి. బయటపడ్డాక మళ్లీ ఆన్ చేయండి.