బొమ్మ గీస్తే సరిపోదు: మూడు ప్రాసెస్ మోడలింగ్ సాధనాల రివ్యూ

నమస్కారం. బిల్లు చేతికి అందినప్పటి నుంచి డబ్బు చెల్లించే దాకా ఆఫీసులో నడిచే పనిని కంప్యూటర్‌కు అప్పగించాలంటే, ముందు ఆ పనిని తప్పుల్లేకుండా గీయాలి. డ్రా.ఐఓ, బిజాగీ మోడలర్, కాముండా మోడలర్... ఈ మూడింటిలోనూ నేను చూసేది ఒకటే. మనం గీసిన గుర్తుకు అర్థం ఏమిటో సాధనానికి తెలుసా?

డ్రా.ఐఓకు తెలియదు. ఉచితంగా దొరుకుతుంది, వేగంగా పనిచేస్తుంది, బీపీఎంఎన్ (పని నడకను గీయడానికి వాడే ప్రామాణిక పద్ధతి) గుర్తులన్నీ ఉంటాయి. కానీ బాణం ఎక్కడికీ చేరకుండా ఆగిపోయినా అది అభ్యంతరం చెప్పదు. మీటింగులో చర్చకు చాలు, అంతకు మించి ఆశించవద్దు.

అసలు బీపీఎంఎన్ బలం వేరు. సాఫ్ట్‌వేర్ ప్రమాణాలు తయారుచేసే ఓఎంజీ సంస్థ 2011లో విడుదల చేసిన 2.0 వెర్షన్ ఒక్కో గుర్తు ఎలా నడవాలో కూడా నిర్దేశించింది. 2013లో అది ఐఎస్ఓ ప్రమాణమైంది. మోడల్ ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా ఉంటుంది కాబట్టి, ఒక చోట గీసింది మరో చోట తెరవవచ్చు.

బిజాగీలో నాకు నచ్చింది డాక్యుమెంటేషన్. ప్రతి పనికీ వివరణ రాస్తే మొత్తం వర్డ్ ఫైలుగా వచ్చేస్తుంది. ఆడిటర్లకు చూపించవలసిన వాళ్లకు ఇది వరమే.

ఇక కాముండా మోడలర్. తెర మీద 'మేనేజరు ఆమోదం' అనే పెట్టె చూడండి. దాని అంచుకు టైమర్ తగిలించి, వ్యవధి దగ్గర పీ3డీ అని రాశాను, అంటే మూడు రోజులు. ఇప్పుడు టైమర్ గుర్తు చుట్టూ ఉన్న జంట వలయాన్ని గమనించండి. గీత నిండుగా ఉంటే మూడు రోజులు దాటగానే మేనేజరు పని రద్దయి, బిల్లు టైమర్ చూపిన దారి పడుతుంది. గీత తెగి తెగి ఉంటే పని ఆయన దగ్గరే ఉంటుంది, గుర్తుచేసే మెయిల్ మాత్రం వెళ్తుంది. ఇంత పెద్ద నిర్ణయం ఒక్క గీతలో ఉంది! ఆ గీతను ఇంజిన్, అంటే మోడల్‌ను నిజంగా నడిపే సాఫ్ట్‌వేర్, అక్షరాలా పాటిస్తుంది, అందుకే నా ఓటు దీనికే.

టోకెన్ సిమ్యులేషన్ కూడా తప్పక వాడండి. పని ఎక్కడిదాకా వచ్చిందో చూపే చుక్కే టోకెన్. దారులు చీలే, కలిసే చోటు గేట్‌వే. 'ఎక్స్' గేట్‌వే దగ్గర ఒక్క దారినే ఎంచుకుని, చివర్లో, అన్ని దారుల కోసం ఎదురుచూసే 'ప్లస్' గేట్‌వేతో కలిపారనుకోండి. రెండో దారి నుంచి ఎవరూ రారు, టోకెన్ అక్కడే నిలిచిపోతుంది. కాగితం మీద ఎంత చూసినా దొరకని తప్పు ఇది.

ఒక హెచ్చరిక. మోడలర్ ఉచితమే కానీ, 8.6 వెర్షన్ నుంచి కాముండా ఇంజిన్‌ను ప్రొడక్షన్‌లో, అంటే అసలు పనికి, నడపాలంటే లైసెన్సు కావాలి. పాత 7 శ్రేణి ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ 2025 అక్టోబరుతో ఆగిపోయింది, కొత్తగా దానితో మొదలుపెట్టకండి.

ఒక లోటు కూడా చెప్పాలి. పీ3డీకి ఆదివారాలు, సెలవులు తెలియవు. పనిదినాలే లెక్కించాలంటే, గడువు తేదీని మేనేజరు ఆమోదానికి ముందుండే పనిలోనే లెక్కగట్టి, ఒక వేరియబుల్‌లో పెట్టి టైమర్‌కు అందించండి.