చార్మినార్ గచ్చు ఎందుకు రాలుతుంది?

అందరికీ నమస్కారం.

చార్మినార్‌ను ఒంటరి కట్టడంగా చూడటం మనకు అలవాటైపోయింది. నిజానికి 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దాన్ని కొత్త నగరం నడిబొడ్డున, నాలుగు దారులు కలిసేచోట నిలబెట్టాడు. ఒక్కో వైపు దాదాపు 20 మీటర్లు, కమాను వెడల్పు 11 మీటర్లు. ఉత్తరాన గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్, దాని చుట్టూ నాలుగు కమాన్లు. వాటిలో మచిలీ కమాన్ దాటితే పత్తర్‌గట్టీ బజారు. ఇదంతా ఒకే కూర్పు.

ప్లేగు తగ్గినందుకు కట్టారన్న కథ అందరి నోళ్లలో నానుతోంది. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో రాతల్ని బట్టి చూస్తే ముస్లింల హిజ్రీ శకంలో రెండో సహస్రాబ్ది (వెయ్యేళ్ల కాలం) మొదలైనందుకు గుర్తుగా కట్టారు. హిజ్రీ 1000 మొదలైంది 1591లోనే, లెక్క కుదురుతుంది కాబట్టి నా మొగ్గు ఇటే.

ఇక గచ్చు సంగతి. లోపలిది నల్లరాయి, మనకు కనిపించే పూలూ తీగలూ సున్నపు పని. మొఘలుల పాలనలో నైరుతి మినార్ పిడుగుపాటుకు కూలితే 60,000 రూపాయలతో మళ్లీ కట్టారు. 1824లో లక్ష రూపాయలతో గచ్చంతా కొత్తగా వేశారు. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి పడింది.

అసలు శత్రువు నీరు. సన్నటి పగుళ్లలోంచి వాన లోపలికి దిగుతుంది. సున్నపు గచ్చయితే ఆ తడిని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూశారా, తడి లోపలే చిక్కుతుంది. అందులోని లవణాలు పూత వెనక గడ్డకట్టి దాన్ని నెట్టేస్తాయి. గట్టి సిమెంటు ఊడేటప్పుడు మెత్తటి పాత గచ్చునూ వెంట లాక్కుపోతుంది. పైకి బాగుచేసినట్టే ఉంటుంది, అదే ప్రమాదం!

మరమ్మతుకు ముందు చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. డొల్లగా మోగితే పొర విడిందని అర్థం. అంతమాత్రాన కొట్టేయకూడదు. అంచులు నిలిచి ఉంటే పల్చటి సున్నపు ద్రవాన్ని సిరంజితో లోపలికి ఎక్కించి, పట్టు దొరికేదాకా ఆనించి ఉంచాలి. ఊడిపోయిన చోటే కొత్త గచ్చు. సున్నాన్ని కనీసం కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, ఒక పాలు సున్నానికి రెండు పాళ్ల జల్లించిన ఇసుక కలిపి గానుగలో రుబ్బాలి. కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు పోస్తారు. బెల్లం ఎక్కువైతే గచ్చు ఆరడానికి ఆలస్యమవుతుంది, చీమలు సరేసరి.

పూసేముందు రాతిని తడపాలి. లేకుంటే అది సున్నంలోని నీటిని పీల్చేస్తుంది, పట్టు రాదు. ఒకేసారి మందంగా వేస్తే ఆరేటప్పుడు కుంచించుకుని బీటలు వారుతుంది, కాబట్టి పల్చటి పొరలుగా వెయ్యాలి. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో. ఆ పనికి కాస్త తడి కావాలి. అందుకే తడి గోనెపట్టాలు కప్పి వారం పైగా నెమ్ముగా ఉంచుతారు. హైదరాబాద్ ఎండల్లో నడివేసవి పని మానుకోవడమే మేలు. తొలి వానాకాలం దాటాక మళ్లీ సుత్తి పట్టుకుని అతుకుల అంచుల వెంబడి తట్టి చూడాలి. ముందు విడేది అక్కడే.