నలభైలో బటర్‌ఫ్లై ఈత: శ్రోతల ప్రశ్నలు, కోచ్ జవాబులు

యాంకర్: నమస్కారం. ఎండలు ముదిరాయంటే వరంగల్, కరీంనగర్ వైపు ఈత ముచ్చట్లే ముచ్చట్లు. ఇవాళ మాత్రం పిల్లల సమ్మర్ క్యాంపుల గురించి కాదు. బటర్‌ఫ్లై అంటే రెండు చేతులూ ఒకేసారి నీళ్ల మీది నుంచి ముందుకు విసిరి కొట్టే ఈత. పెద్దయ్యాక అది వస్తుందా, రాదా అని అడిగేవాళ్ల కోసం ఈ గంట. పెద్దవాళ్లకు ఈత నేర్పే కోచ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ కాజీపేట నుంచి. హలో, చెప్పండి.

కాజీపేట శ్రోత: నమస్తే మేడం, నమస్తే సార్. నేను రైల్వేలో పని చేస్తా. వయసు 41. ఫ్రీస్టైల్ బాగానే కొడతా. బటర్‌ఫ్లై మొదలుపెడితే మాత్రం మూడు స్ట్రోకులకే నడుము దిగిపోతుంది. చేతులు నీళ్లలోంచి బయటికి రావు. బలం చాలట్లేదేమోనని జిమ్‌కు కూడా పోతున్నా.

కోచ్: జిమ్ సంగతి తర్వాత చూద్దాం. ఈత ఎక్కడ నేర్చుకున్నారన్నా?

కాజీపేట శ్రోత: మా ఊళ్లో సార్, పరకాల దగ్గర. వ్యవసాయ బావిలో. నడుముకు డబ్బా కట్టి మా చిన్నాయన తోసేసిండు.

కోచ్: (నవ్వు) అనుకున్నా. బటర్‌ఫ్లైలో ఊపిరి కోసం లేచినప్పుడు మీకు ఏం కనిపిస్తుంది?

కాజీపేట శ్రోత: ఎదురుగా గోడ. దాని మీద గడియారం.

కోచ్: టైం చదవగలరా?

కాజీపేట శ్రోత: చదవొచ్చు సార్.

కోచ్: చిక్కంతా అక్కడే ఉంది. బావిలో నేర్చుకున్నవాళ్లకు తల పైకెత్తి కొట్టడం అలవాటు. అక్కడ అది తప్పు కాదు. పైనుంచి ఎవడు దూకుతాడో చూసుకోకపోతే మన నెత్తి మీదే పడతాడు. బటర్‌ఫ్లైలో మాత్రం తల ఎంత లేస్తే కాళ్లు అంత మునుగుతాయి. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి ఛాతీ తేలుతుంది, కాళ్లు బరువు. ఛాతీని కొంచెం కిందికి నొక్కి చూడండి, నడుము దానంతట అదే లేస్తుంది. ఆ కదలిక ఛాతీ దగ్గర మొదలై నడుము మీదుగా పాదాల దాకా పోవాలి, చర్నాకోల విసిరినట్టు. పిడి దగ్గర కదిలేది కొంచెమే, దెబ్బ పడేది కొసన. చాలామంది మోకాళ్లు మడిచి నీళ్లను తంతారు. చప్పుడు బాగా వస్తుంది, మనిషి మాత్రం ముందుకు కదలడు.

కాజీపేట శ్రోత: మరి ఊపిరి ఎట్లా తీసుకోవాలి సార్?

కోచ్: గడ్డం నీళ్లను రాసుకుంటూ ముందుకు పోవాలి. చూపు మీ ముందున్న నీళ్ల మీదే, గజం దూరంలో. గడియారం కనపడిందంటే ఎక్కువ లేచినట్టే. చేతులు ముందుకు వచ్చి నీళ్లలో పడకముందే తల లోపలికి పోవాలి. తల ముందు, చేతులు తర్వాత. ఇంకోటి, నీళ్లలో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టకండి, వదులుతూ ఉండండి. బయటికి వచ్చాక వదలడం, పీల్చడం రెండూ చేద్దామంటే టైం చాలదు.

యాంకర్: జిమ్ వల్ల లాభం లేదంటారా?

కోచ్: ఉంది, కానీ ఆయన సమస్యకు మందు అది కాదు. ఒక స్ట్రోక్‌కు రెండు కిక్‌లు పడాలి. చేతులు నీళ్లలో పడగానే ఒకటి, తొడల దగ్గర నుంచి బయటికి వచ్చేటప్పుడు రెండోది. చేతులు బయటికి రావట్లేదంటే ఆ రెండోది ఎగిరిపోతోందన్నమాట. చేతులను లేపేది ఆ కిక్కే. అన్నా, కొన్నాళ్లు పూర్తి స్ట్రోక్ మానేయండి. చేతులు పక్కన పెట్టుకుని ఒంటితో అల ఒక్కటే చేయండి. తర్వాత ఒంటి చేత్తో కొట్టండి, రెండో చేయి ముందుకు చాపి ఉంచి. అది కుదిరాక కుడితో రెండు, ఎడమతో రెండు, రెండు చేతులతో రెండు. కాళ్లకు తొడిగే పొట్టి ఫిన్స్ దొరికితే వేసుకోండి, సిగ్గేం లేదు. నాలుగు మంచి స్ట్రోకులు వచ్చాక ఐదోది చెడిందనుకోండి, అక్కడే ఆపి మిగతాది ఫ్రీస్టైల్‌లో పోండి. చెడిన స్ట్రోక్‌నే పదిసార్లు కొడితే ఒళ్లు దాన్నే పట్టుకుంటుంది.

యాంకర్: హనుమకొండ నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

హనుమకొండ శ్రోత: నమస్తే సార్. నేను టీచర్‌ని. లేడీస్ బ్యాచ్‌లో పోతున్నా. బటర్‌ఫ్లై మొదలుపెట్టినప్పటి నుంచి కుడి భుజం ముందు వైపు నొప్పి. బోర్డు మీద పైన రాయాలంటే చెయ్యి లేవట్లేదు.

కోచ్: చేతులకు ప్యాడిల్స్, అదే అరచేతులకు తగిలించుకునే ప్లాస్టిక్ పలకలు, ఏమైనా వేసుకుంటున్నారా అమ్మా?

హనుమకొండ శ్రోత: అవును సార్, వీడియోలో చూసి కొన్నా.

కోచ్: వాటిని అటక మీద పెట్టండి. చేతులు ముందు పడేటప్పుడు ఒకదానికొకటి తగులుతున్నాయా?

హనుమకొండ శ్రోత: బొటనవేళ్లు తగులుతాయి.

కోచ్: అంత దగ్గరగా పడితే భుజం కీలు నలుగుతుంది. భుజాల వెడల్పులో పడాలి. చేతులు గాలిలో వచ్చేటప్పుడు నీళ్లకు దగ్గరగా, వదులుగా రావాలి, ఎత్తుగా ఎగరేయొద్దు. ఇప్పటికైతే బటర్‌ఫ్లై ఆపి ఒకసారి ఎముకల డాక్టర్‌కో, ఫిజియోకో చూపించుకోండి. చెయ్యి లేవట్లేదంటే రెండు రోజులు చూద్దాం అనుకునే నొప్పి కాదు. ఈలోపు చేతులు వాడకుండా కిక్ ప్రాక్టీస్ చేసుకోవచ్చు.

హనుమకొండ శ్రోత: ఇంకోటి సార్, లైన్‌లో పక్కవాళ్లకు చెయ్యి తగిలి గొడవవుతోంది.

కోచ్: (నవ్వు) అది అందరి గొడవ. ఎదురుగా మనిషి వస్తుంటే ఒంటి చెయ్యికి మారిపోండి. పెద్ద ఈతగాళ్లు కూడా ప్రాక్టీస్‌లో అంతే చేస్తారు.

యాంకర్: మనవాళ్లలో బటర్‌ఫ్లైలో పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా సార్?

కోచ్: లేకేం? ఆసియా క్రీడల ఈతలో మనకు వచ్చిన పతకాలే వేళ్ల మీద లెక్క. వాటిలో 1986 సియోల్‌లో ఖజాన్ సింగ్ రజతం 200 మీటర్ల బటర్‌ఫ్లైలో, 2010 గ్వాంగ్‌జౌలో వీర్‌ధవల్ ఖాడే కాంస్యం 50 మీటర్ల బటర్‌ఫ్లైలో. 2021లో నేరుగా ఒలింపిక్స్ అర్హత టైమింగ్ అందుకున్న తొలి భారతీయుడు సజన్ ప్రకాశ్‌ది కూడా 200 మీటర్ల బటర్‌ఫ్లైయే.

యాంకర్: కరీంనగర్ వైపు నుంచి ఒక తమ్ముడు లైన్‌లో ఉన్నాడు.

కరీంనగర్ శ్రోత: అన్నా, పూల్‌కు ఫీజు ఎక్కువైతుంది. ఫ్రెండ్స్‌తో కలిసి కాకతీయ కాలువలో ప్రాక్టీస్ చేయొచ్చా? నీళ్లు బాగా వదిలారు.

కోచ్: వద్దు. నీళ్లు బాగా వదిలారు కాబట్టే వద్దు. లైనింగ్ ఏటవాలుగా, పాచి పట్టి ఉంటుంది. దిగడం తేలిక, ఎక్కడానికి చెయ్యి పట్టు దొరకదు. రెండు స్ట్రోకులకే దమ్ము పోయే ఈత ఇది. పూల్‌లో దమ్ము పోతే గట్టు పట్టుకుంటావు, అక్కడ ఏం పట్టుకుంటావు? వారానికి రెండు రోజులే పూల్‌కు పో, సరిపోతుంది.

యాంకర్: చివరి కాల్, గోదావరిఖని నుంచి.

గోదావరిఖని శ్రోత: నమస్తే సార్. సింగరేణిలో చేస్తున్నా. 52 ఏళ్లు. బీపీ గోలీలు వాడుతున్నా. నా కాళ్లు రెండూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్ వేయవు, ఎంత చేసినా కప్ప ఈతలోకే పోతున్నాయి. ఈ వయసులో వదిలేయమంటారా?

కోచ్: ముందు మీ డాక్టర్‌ను అడగండి. బీపీ అదుపులో ఉందా, గట్టిగా శ్రమపడొచ్చా అని. నీళ్ల కింద దూరం పోదామని ఊపిరి బిగబట్టే పని మాత్రం పెట్టుకోకండి. ఇక కాళ్ల సంగతి. అసలు బటర్‌ఫ్లై పుట్టిందే కప్ప ఈతలోంచి, అంటే బ్రెస్ట్‌స్ట్రోక్‌లోంచి. 1930లలో కొందరు బ్రెస్ట్‌స్ట్రోక్ పోటీల్లోనే చేతులను నీళ్ల మీది నుంచి తేవడం మొదలుపెట్టారు, కాళ్లు మాత్రం కప్ప కాళ్లే. 1952లో దాన్ని వేరే ఈతగా విడదీశారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టారు. ఇప్పుడు మామూలు పోటీల్లో కప్ప కిక్ వేస్తే తీసేస్తారు. 25 ఏళ్లు దాటినవాళ్ల మాస్టర్స్ పోటీల్లో మాత్రం ఇప్పటికీ దానికి అనుమతి ఉంది. మీ కాళ్లు ఎటు పోతే అటే పోనివ్వండి.

గోదావరిఖని శ్రోత: అయితే ఒక 25 మీటర్లు కొట్టగలనా సార్?

కోచ్: డాక్టర్ సరే అన్నాక, ముందు ఐదారు మీటర్లతో మొదలుపెట్టండి. మధ్యలో ఆగి, దమ్ము మామూలుగా అయ్యాకే మళ్లీ. గార్డు ఉన్న టైంలోనే దిగండి.

గోదావరిఖని శ్రోత: మా పూల్‌లో పొద్దున బ్యాచ్‌కు ఉంటాడు సార్.

కోచ్: అయితే ఆ బ్యాచ్‌కే పోండి. టిఫిన్ మాత్రం ఈత అయి ఇంటికి వచ్చాక తినండి.

యాంకర్: లైన్‌లో ఇంకా ఇద్దరు ఉన్నారు, కానీ వార్తల సమయమైంది. ఆ ఇద్దరూ వచ్చేవారం ఇదే టైంకు మళ్లీ చేయండి.