ధూళి చెదిరిన చోట సిలికాన్ జాడ

సభకు నమస్కారం.

1971లో రాబర్ట్ విల్సన్, ఆర్నో పెంజియాస్, వారి సహచరులు పాలపుంత కేంద్రానికి చేరువలో ఉన్న సాజిటేరియస్ బి2 అనే మేఘంలో సిలికాన్ మోనాక్సైడును కనుగొన్నారు. నక్షత్రాల నడుమ సిలికాన్ అణువు పట్టుబడటం అదే మొదలు. ఇది మన ఇసుకలోని సిలికా కాదు. దానికన్నా ఇందులో ఒక ఆక్సిజన్ పరమాణువు తక్కువ.

అణువు తన చుట్టూ తాను తిరిగే వేగం కొన్ని నిర్ణీత మెట్లలోనే ఉంటుంది. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు అది వెలువరించే రేడియో తరంగానికి తనదైన పౌనఃపున్యం ఉంటుంది. ఆ పౌనఃపున్యం దగ్గర కనబడే సంకేతాన్నే గీత అంటారు. 1971లో దొరికిన గీత 130 గిగాహెర్ట్‌జ్ దగ్గరిది. అయితే ఒక సిలికాన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్ పరమాణువులున్న సిలేన్ వంటి అణువులో ఆవేశాలు అన్ని వైపులా సమంగా పంచుకొని ఉండటం వల్ల రేడియోలో దాని జాడ దొరకదు. అందుకే సింహరాశిలోని ఐఆర్‌సీ+10216 అనే కార్బన్ నక్షత్రం (ఆక్సిజన్ కన్నా కార్బన్ ఎక్కువగా ఉన్న నక్షత్రం) చుట్టూ దాన్ని పరారుణ కాంతిలో పట్టవలసి వచ్చింది.

అదే నక్షత్రం నుంచి వస్తున్న కొన్ని రేడియో గీతలు ఏ అణువువో చాలాకాలం తేలలేదు. అవి ఒక సిలికాన్, రెండు కార్బన్ పరమాణువులున్న సిలికాన్ డైకార్బైడువని 1984లో పాట్రిక్ థాడియస్ బృందం తేల్చింది. తమాషా ఏమిటంటే, ఈ అణువు తాలూకు పట్టీలు, అంటే దగ్గరదగ్గరగా చేరిన గీతల గుంపులు, కార్బన్ నక్షత్రాల దృశ్యకాంతిలో 1926 నుంచే కనబడుతున్నాయి. మూడు పరమాణువులూ త్రిభుజంగా కూడిన ఈ అణువే అంతరిక్షంలో దొరికిన మొదటి వలయాకార అణువు.

నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన సంగతి సిలికాన్ కనబడకపోవడం. విశ్వంలో సుమారు 30,000 హైడ్రోజన్ పరమాణువులకు ఒక సిలికాన్ పరమాణువు ఉంటుంది. అయినా నిశ్చలమైన చల్లని చీకటి మేఘాల్లో సిలికాన్ మోనాక్సైడు కోసం వెతికితే దాదాపు ఏమీ దొరకదు. సిలికాన్ దాదాపు అంతా సిలికేట్ (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజం) ధూళి రేణువుల్లో బందీ అయి ఉండటమే దానికి కారణం. పుడుతున్న నక్షత్రం నుంచి సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే ప్రవాహం ఆ మేఘాన్ని ఢీకొన్నప్పుడు, రేణువుల నుంచి సిలికాన్ ఊడిపడి, ఆక్సిజన్‌తో కలిసి వాయువుగా బయటపడుతుంది. సెఫియస్ రాశిలోని ఎల్1157 అనే చీకటి మేఘం దగ్గర, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్న వాయువులో లేని ఈ అణువు ప్రవాహం తాకిన చోట్ల మాత్రం మెండుగా కనబడటం ఇందుకు చక్కని ఉదాహరణ.

అందువల్ల నేడు ఈ అణువు గీతలను తాకిడి గుర్తుగా వాడుతున్నారు. 2017లో వెలువడిన ఒక పరిశీలనలో, ఓరియన్‌లోని హెచ్‌హెచ్ 212 అనే శిశు నక్షత్రం చిమ్మే సన్నని ధారను చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులతో ఇవే గీతల్లో చూశారు; గీత ఒక పక్కన కొద్దిగా ఎరుపు వైపుకూ (వాయువు మననుంచి దూరమవుతున్నట్టు), మరో పక్కన నీలం వైపుకూ (దగ్గరవుతున్నట్టు) జరగడాన్ని బట్టి ఆ ధార తన అక్షం చుట్టూ తిరుగుతోందని తేల్చారు.