హువా హిన్‌లో గోల్ఫ్: రైల్వే స్టేషన్ వెనక వందేళ్ల కోర్స్ | నా రివ్యూ

నమస్తే అండీ. ముందే ఒక విషయం ఒప్పేసుకుంటా. నా హ్యాండీక్యాప్ 24 (ఈ అంకె ఎంత పెరిగితే ఆట అంత వీక్). అంటే నేను కొట్టిన బంతి ఎటు పోతుందో నాకూ తెలీదు, బంతికీ తెలీదు. కాబట్టి ప్రో రివ్యూ కావాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. ఆదివారం తెల్లారగట్ల గోల్కొండ కోట పక్కన ఆడుకుని, పదింటికల్లా ఇంటికొచ్చి ఇడ్లీ తినే మనిషి మొదటిసారి థాయిలాండ్ వెళ్లి గోల్ఫ్ ఆడితే ఏమైందో, అది చెప్తా.

ఊరు హువా హిన్. బ్యాంకాక్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, సముద్రం ఒడ్డున. పట్టాయా అనగానే మనవాళ్ల మొహాల్లో ఒక నవ్వు వస్తుంది కదా, ఆ నవ్వుకి భయపడే నేను హువా హిన్ పేరు చెప్పి ఇంట్లో ఒప్పించాను. వెళ్లింది ముగ్గురం: నేను, మా ఆవిడ, మా బావమరిది. వాడూ ఆడతాడు. నాకంటే బాగా ఆడతానని వాడి నమ్మకం. అందుకే విమానంలోనే పందెం కాశాం, ఓడినవాడు రాత్రి భోజనం బిల్లు కట్టాలని.

ఇదిగో, ఇప్పుడు మీరు చూస్తున్నది పాత రైల్వే స్టేషన్. చెక్క కట్టడం, ఎరుపు, మీగడ రంగులు. పెళ్లి మండపంలా ఉందని మా ఆవిడ అంది. 2023 డిసెంబర్ నుంచి రైళ్లు పక్కనే కట్టిన ఎత్తు స్టేషన్ మీద ఆగుతున్నాయి, దీన్ని మాత్రం అలాగే ఉంచారు. గోల్ఫ్ కోర్స్ ఈ స్టేషన్‌కి వెనకే. పేరు రాయల్ హువా హిన్. 1924లో మొదలైంది, థాయిలాండ్‌లో మొదటి 18 హోల్స్ (బంతిని వేయాల్సిన కన్నాలు) కోర్స్ ఇదే. గీసింది కూడా రైల్వే ఆయనే. రాబిన్స్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు. అప్పట్లో రైల్వే వాళ్లు ఇక్కడికి జనాన్ని రప్పించాలని సముద్రం ఒడ్డున రైల్వే హోటల్ కట్టారు, దానికి తోడుగా ఈ కోర్స్. హోటల్లో దిగు, సముద్రంలో మునుగు, గోల్ఫ్ ఆడు, మళ్లీ రైలెక్కు. ఈ రోజు మనం ప్యాకేజీ అంటున్నది అదే కదా!

రాజుగారి కథ ఒకటి చెప్పి ముందుకెళ్తా. ఇదే ఊళ్లో ఏడవ రామ రాజు ప్రజాధిపోక్ కట్టించిన ప్యాలెస్ ఉంది, క్లై కంగ్వన్. ఆ పేరుకి అర్థం 'చింతలకు దూరం'. 1932 జూన్ 24న బ్యాంకాక్‌లో తిరుగుబాటు జరిగి సంపూర్ణ రాచరికం పోయినప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. గోల్ఫ్ ఆడుతుండగా కబురు వచ్చిందంటారు. నాకైతే మూడో హోల్ దగ్గర ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆయనతో నాకున్న పోలిక అంతవరకే.

సరే, ఆటకొద్దాం. మాకు టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే సమయం, మధ్యాహ్నం 12.40. ఇది మేం చేసిన పెద్ద తప్పు. ఒక ఏజెంట్ ద్వారా బుక్ చేశాం, పేరు చెప్పను. పొద్దున్న స్లాట్ అడిగితే 'సేమ్ సేమ్ సార్' అన్నాడు. సేమ్ కాదండీ. నవంబర్ చివర్లో కూడా మధ్యాహ్నం ఎండ మన మే నెల విజయవాడని గుర్తు చేసింది. తేడా ఏంటంటే హువా హిన్‌లో చెమట ఆరదు. గాల్లో తడి అంతుంటుంది. రెండో హోల్ అయ్యేసరికి గ్లవ్ పిండితే నీళ్లు కారాయి, చేతిలో క్లబ్ (బంతి కొట్టే కర్ర) సబ్బు ముక్కలా జారింది. అందుకే మూడు గ్లవ్స్ పెట్టుకోండి, మార్చి మార్చి వాడండి. ఇంటి దగ్గర మెడికల్ షాపులో నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొనుక్కెళ్లండి. ఆరున్నర, ఏడు గంటల స్లాట్ దొరక్కపోతే ఆ రోజు బీచ్‌కి పోండి, ఆట మర్నాడు.

ఈ వీడియో చేయడానికి అసలు కారణం కేడీ, అంటే ఆటలో మన వెంట ఉండే సహాయకురాలు. థాయిలాండ్‌లో దాదాపు ప్రతి కోర్స్‌లో మనిషికో కేడీ తప్పనిసరి. వద్దంటే కుదరదు. ఎక్కువమంది ఆడవాళ్లే. పొడుగు చేతుల చొక్కా, పెద్ద టోపీ, కళ్లు తప్ప మొహమంతా గుడ్డ, యూనిఫాం మీద నంబర్. మన దగ్గర కేడీ అంటే బ్యాగ్ మోసే కుర్రాడు, బంతి పోతే పొదల్లో వెతికేవాడు. ఇక్కడ అలా కాదు. ఆవిడే కార్ట్ నడుపుతుంది, దూరం చెప్తుంది, క్లబ్ చేతికిస్తుంది, స్కోర్ రాస్తుంది. మీ మూడు షాట్లు చూసి మీరెంతటివారో తేల్చేసుకుంటుంది. నేను డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) అడిగితే నా కేడీ దానికంటే తక్కువ దూరం కొట్టే ఐదో నంబర్ ఐరన్ తీసి ఇచ్చింది, మాట్లాడకుండా. అవమానంగా అనిపించింది గానీ బంతి ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మధ్యలో పడింది.

గ్రీన్ (కన్నం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద వీళ్ల పనితనం ఇంకో లెవెల్. ఇది దగ్గరగా తీసిన వీడియో, చూడండి. బంతి ఎత్తి తడి గుడ్డతో తుడిచింది. మోకాళ్ల మీద కూర్చుని, బంతి మీద ఉన్న గీత ఎటు కొట్టాలో అటు తిరిగేలా పెట్టింది. వేలితో చూపించి 'టూ కప్ లెఫ్ట్' అంది. అంటే కన్నానికి ఎడమ పక్కగా, రెండు కన్నాలంత దూరం వదిలి కొట్టాలి. ఏడో హోల్‌లో ఐదడుగుల పట్ (గ్రీన్ మీద బంతిని కన్నంలోకి మెల్లగా కొట్టే షాట్) అది. నా కంటికి నేల చదునుగా ఉంది. నేను పెద్ద మేధావిలా తల ఊపి, బంతిని మళ్లీ నా లెక్క ప్రకారం తిప్పుకుని తిన్నగా కొట్టాను. కన్నానికి జానెడు దూరంలో అది కుడికి తిరిగి వెళ్లిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. మా బావమరిది మాత్రం 'అయ్యో బావా' అన్నాడు, మహా ఆనందంగా.

దాని వెనక సంగతి తర్వాత తెలుసుకున్నా. వేడి దేశాల గ్రీన్స్‌లో ఎక్కువగా బెర్ముడా లాంటి గడ్డి వేస్తారు. అది నిటారుగా పెరగదు, ఒక వైపు వాలి పెరుగుతుంది. దువ్విన జుట్టు లాగా. వాలిన వైపు కొడితే బంతి జారిపోతుంది, ఎదురు కొడితే ఈడ్చుకుపోతుంది, అడ్డంగా కొడితే నేల చదునుగా ఉన్నా పక్కకి లాగుతుంది. గ్రీన్ మెరుస్తూ కనిపిస్తే గడ్డి మీకు అవతలి వైపు వాలి ఉన్నట్టు, ముదురు రంగులో కనిపిస్తే మీ వైపు వాలి ఉన్నట్టు. ఆవిడ రోజూ ఆ గ్రీన్స్ మీదే తిరుగుతుంది. నేను పొద్దున దిగిన టూరిస్టుని.

డబ్బుల సంగతి. గ్రీన్ ఫీజు (కోర్స్‌లో ఆడటానికి కట్టేది), కేడీ ఫీజు, కార్ట్, ఇవి మూడూ వేరువేరు. బుక్ చేసేటప్పుడే 'అన్నీ కలిపేనా' అని రెండుసార్లు అడగండి. టిప్ వీటిలో ఉండదు, ఆట అయ్యాక చేతికివ్వాలి. 300 నుంచి 400 బాత్ ఇవ్వడం అక్కడ రివాజు. వాళ్ల సంపాదనలో అదే పెద్ద భాగం. దయచేసి అక్కడ బేరం ఆడకండి. మనవాళ్లు కూరగాయల అలవాటు కొద్దీ ఆడేస్తారు, నేను చూశాను.

క్లబ్బులు అద్దెకి తీసుకోవాలా, మోసుకెళ్లాలా? హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా ఫ్లైట్లున్నాయి, నాలుగు గంటల లోపు ప్రయాణం. ఒక్క ఆటకైతే అద్దె సెట్ చాలు, రెండు మూడు ఆటలైతే మీవే తీసుకెళ్లండి. ఊళ్లో ఒక షాపులో నేను తీసుకున్న సెట్‌లో డ్రైవర్ గ్రిప్ అరిగిపోయి గాజులా ఉంది. డబ్బు కట్టే ముందు ఒక్కో క్లబ్ పట్టుకుని చూడండి. బంతులు మాత్రం కొత్తవి వద్దు. నీళ్లలో పడ్డవి తీసి కడిగి మళ్లీ అమ్ముతారు, అవి చాలు. మొదటి రోజు నేను పోగొట్టుకున్నవి మర్నాడు నేనే కొన్నానేమో కూడా.

ఖరీదైన కోర్స్ కావాలంటే ఇదే ఊళ్లో బ్లాక్ మౌంటెన్ ఉంది, 2007లో తెరిచారు. యూరోపియన్ టూర్ (ప్రొఫెషనల్ గోల్ఫర్ల పోటీల సిరీస్) వాళ్ల థాయిలాండ్ క్లాసిక్ 2015లో, 2016లో అక్కడే జరిగింది. అందంగా ఉంటుంది, నీళ్లు బోలెడు, నాలాంటి వాడికి టెన్షన్ బోలెడు. నా ఓటు పాత కోర్స్‌కే. కొండవాలు, ముదురు చెట్లు, అక్కడక్కడ దూరంగా సముద్రం. రెండు రోజులే ఉంటే రెండు రోజులూ అక్కడే ఆడతాను.

తిండికి ఇబ్బంది లేదు. శాకాహారులు 'జే' అని అడగండి, ఫిష్ సాస్ వద్దంటే 'మై సై నామ్ ప్లా'. పాడ్ క్రపావ్ అని ఒకటుంది, అన్నం మీద ఘాటైన వేపుడు. అందులో వేసే ఆకు మన తులసే. తులసాకులేసి కోడి వేపుడు తిన్నానని మా అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు. అమ్మా, ఈ వీడియో చూస్తుంటే ఫోన్‌లో మాట్లాడదాం.

వానల సంగతి కూడా చూసుకోండి, హువా హిన్‌లో సెప్టెంబర్, అక్టోబర్ గట్టిగా పడతాయి. ఉరుములొచ్చి సైరన్ మోగితే వెంటనే ఆపేయాలి, 'ఈ ఒక్క షాట్' అనకండి. వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి, 2025 మే నుంచి అది తప్పనిసరి. వీసా రూల్ మారుతూ ఉంటుంది, టికెట్ కొనే ముందు అధికారిక సైట్ చూడండి.

స్కోర్ అడుగుతున్నారు కదా. నాది 104, మా బావమరిదిది 103. గోల్ఫ్‌లో తక్కువ షాట్లు కొట్టినవాడే గెలిచినట్టు. ఆ ఐదడుగుల పట్ గుర్తుందిగా? రాత్రి బీచ్ దగ్గర హోటల్లో వాడు మెనూ కూడా తెరవలేదు, నేరుగా పీత చెప్పాడు. రెండు.