రికార్డు ఉంది, తెరిచి చూసేదెవరు?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పొద్దుటి నుంచి వంటల దగ్గర నిలబడి కష్టపడుతున్న వాలంటీర్లకు, పిల్లల డాన్సులు అయిపోయినా ఇళ్లకు వెళ్లకుండా కూర్చున్న మీ అందరికీ ఉగాది శుభాకాంక్షలు. కార్యవర్గం వాళ్లు నాకు పావుగంట ఇచ్చారు. "పండగ పూట తుపాకుల గురించి ఏంటమ్మా?" అని కొందరు అడిగారు. కానీ ఇంతమంది తల్లిదండ్రులు నాకు ఒకేచోట దొరికేది ఏడాదిలో ఈ ఒక్క పూటే. అందుకే పట్టుబట్టి ఈ సమయం తీసుకున్నాను.

నా ఉద్యోగమంతా డేటాబేస్‌ల మీదే గడిచింది. తుపాకులు కొనాలా వద్దా అనే వాదన ఇవాళ నేను పెట్టుకోను. నా బాధ రికార్డుల గురించి. ఎవరి రికార్డు ఎక్కడ ఉంటుంది, దాన్ని పోలీసు ఎప్పుడు చూడగలడు, చూడగలిగీ ఎందుకు చూడడు అన్నదే నా బాధ.

అమెరికాలో తుపాకీ కొంటే ఆ వివరం ఏదో పెద్ద కంప్యూటర్లోకి ఎక్కుతుందని, పోలీసు బటన్ నొక్కితే ఎవరి దగ్గర ఏముందో కనిపిస్తుందని మనలో చాలామంది నమ్ముతారు. అలాంటి కంప్యూటర్ లేదు. ఉండకూడదని చట్టమే ఉంది. 1986లో వచ్చిన ఫైర్ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం తుపాకీ యజమానుల జాతీయ రిజిస్టర్ పెట్టకూడదు. తుపాకీ కొనేవాడు షాపులో నింపే 4473 ఫారం షాపువాడి దగ్గరే ఉంటుంది. కొనేవాడికి నేరచరిత్ర ఉందా అని చూసే ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పాసైనవాళ్ల వివరాలు 24 గంటల్లో చెరిపేయాలి. నేరం జరిగిన చోట తుపాకీ దొరికితే, వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో తుపాకీ ఎవరు కొన్నారో జాడ తీసే ఫెడరల్ ట్రేసింగ్ సెంటర్ వాళ్లు ముందు తయారీ కంపెనీని, తర్వాత హోల్‌సేలర్‌ని, ఆ తర్వాత షాపుని అడుగుతూ పోవాలి. మూతపడ్డ షాపుల కాగితాలన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. అయినా మనిషి పేరు కొట్టి వాటిలో వెతకడానికి వీల్లేదు.

ఇక మిగిలింది రాష్ట్రాలు. కాలిఫోర్నియాలో షాపు అమ్మకాల వివరాలు రాష్ట్ర న్యాయశాఖకు వెళ్తాయి. 2014 నుంచి రైఫిళ్లు, షాట్‌గన్‌లు కూడా అందులో చేరాయి. హవాయిలో తుపాకీని పోలీసుల దగ్గర నమోదు చేయించాలి. ఫ్లోరిడాలో అయితే ప్రభుత్వం అలాంటి జాబితా పెట్టడమే నేరం. మన ఇల్లినాయ్‌లో 1968 నుంచి ఫాయిడ్ కార్డు ఉంది, అంటే తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి కార్డు. ఆ కార్డు మనిషికి ఇచ్చేది, తుపాకీకి కాదు. మీకు కార్డు ఉందో లేదో పోలీసుకు తెలుస్తుంది. మీ బీరువాలో ఎన్ని తుపాకులున్నాయో మాత్రం దాన్నిబట్టి తెలియదు. 2023 చట్టం తర్వాత కొన్ని రకాల రైఫిళ్లు ముందే ఉన్నవాళ్లు వాటి నంబర్లు ఇవ్వాలన్నారు. అది వేరే సంగతి.

నేను రాసుకొచ్చిన కాగితంలో దీని తర్వాత కాలిఫోర్నియా గురించి రెండు పేజీలున్నాయి. వాటిని పక్కన పెట్టేస్తున్నాను. మా తాత గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు.

మాది ప్రకాశం జిల్లాలో నల్లమల అంచున ఊరు. అడవి పందులు వేరుశనగ చేలమీద పడి ఒక్క రాత్రిలో పంటంతా తవ్విపోసేవి. తాతకు లైసెన్సు ఉన్న సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. దాన్ని కాల్చడం కంటే మోసుకుంటూ స్టేషన్‌కి తిరగడమే నాకు ఎక్కువ గుర్తుంది. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయాలని కబురొచ్చేది. తాత తుపాకీని తువ్వాల్లో చుట్టి, నన్ను కూడా తీసుకుని బస్సెక్కేవాడు. స్టేషన్ రైటర్ రిజిస్టర్ తెరిచి, తుపాకీ మీది నంబరు, లైసెన్సు పుస్తకంలోని నంబరు పక్కపక్కన పెట్టి చూసి, రసీదు ఇచ్చేవాడు. ఎన్నికలు అయిపోయాక మళ్లీ వెళ్లి తెచ్చుకునేవాళ్లం. "నేనేమన్నా దొంగనా?" అని తాత ప్రతిసారీ గొణిగేవాడు. ప్రతిసారీ వెళ్లేవాడు కూడా.

తాత పోయినప్పుడు పెద్దకర్మ కూడా కాకముందే కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. తుపాకీ స్టేషన్లో అప్పజెప్పాలన్నాడు. ఆ సమయంలో రావడం మా నాయనమ్మకు ఎంత కోపం తెప్పించిందో చెప్పలేను. నాన్న మాత్రం మారుమాట్లాడకుండా తీసుకెళ్లి ఇచ్చాడు. లైసెన్సుదారు పోతే ఆయుధం అలా డిపాజిట్ చేయాలన్నది ఆయుధాల చట్టంలోనే ఉందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అక్కడంతా సవ్యంగా ఉందని నేను అనను. నాటు తుపాకులు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. కానీ మా స్టేషన్లో ఆ పుస్తకాన్ని ఒక మనిషి చదివేవాడు. చదివి, లేచి, మా ఇంటిదాకా వచ్చేవాడు. నాకు కావలసింది ఆ ఒక్కటే.

ఇప్పుడు మన అరోరాకు రండి. బాలాజీ గుడికి మీరంతా వెళ్లే అరోరానే. 2019 ఫిబ్రవరి 15న వాల్వులు తయారుచేసే హెన్రీ ప్రాట్ కంపెనీలో ఒక ఉద్యోగి తోటి పనివాళ్లు ఐదుగురిని కాల్చి చంపాడు. అతనికి 1995లోనే మిసిసిపీలో పెద్ద నేరం కింద శిక్ష పడింది. అయినా 2014 జనవరిలో ఫాయిడ్ కార్డు వచ్చింది. మార్చిలో పిస్తోలు కొన్నాడు. తర్వాత దాన్ని వెంట పెట్టుకు తిరిగే లైసెన్సుకు దరఖాస్తు చేసి వేలిముద్రలు ఇస్తే అప్పుడు పాత కేసు బయటపడింది. కార్డు రద్దు చేశారు. ఆయుధం వదులుకోమని ఉత్తరం రాశారు. ఆ పిస్తోలు తెచ్చుకోవడానికి మాత్రం ఎవరూ అతని ఇంటికి వెళ్లినట్టు దాఖలా లేదు. అయిదేళ్లు అది అతని దగ్గరే ఉంది! రద్దయినట్టు రికార్డు ఉంది. దాన్ని పట్టుకుని ఆ ఇంటి తలుపు తట్టినవాడే లేడు. మా ఊరి కానిస్టేబుల్ సైకిల్ మీద వచ్చి చేసిన పని ఇక్కడ ఎందుకు జరగలేదు? దీనికి జవాబు మీరు అడగాలి. మీ స్టేట్ రిప్రజెంటేటివ్‌ని అడగాలి.

అధ్యక్షుల వారు టైమ్ చూస్తున్నారు. ఇంకొక్కటి చెప్పనివ్వండి. నేను వచ్చిందే దాని కోసం.

హైలాండ్ పార్క్. 2022 జూలై 4. ఒక కుర్రాడు కాల్పులు జరిపితే పెరేడ్ చూడటానికి వచ్చినవాళ్లు ఏడుగురు చనిపోయారు. అంతకు మూడేళ్ల ముందు, 2019 సెప్టెంబరులో, ఆ కుర్రాడు ఇంట్లోవాళ్లను చంపేస్తానన్నాడని బంధువు ఒకరు పోలీసులకు చెప్పారు. పోలీసులు వచ్చారు. 16 కత్తులు, ఒక బాకు, ఒక ఖడ్గం పట్టుకెళ్లారు. స్టేట్ పోలీసులకు "ఇతనివల్ల ప్రమాదం ఉంది" అని రిపోర్టు పంపారు. అప్పటికి అతనికి ఫాయిడ్ కార్డు లేదు, దరఖాస్తూ లేదు. అందుకని ఆ రిపోర్టు మీద చర్య తీసుకోలేదు. డిసెంబరులో అతనే కార్డుకి దరఖాస్తు పెట్టాడు. వయసు 19. మన రాష్ట్రంలో 21 నిండనివాళ్ల దరఖాస్తు మీద తల్లో తండ్రో సంతకం చేయాలి. తండ్రి చేశాడు. మరుసటి నెలలో కార్డు వచ్చింది.

నా వృత్తిలో ఇలాంటిది చూస్తే నిద్రపట్టదు. సెప్టెంబరు రిపోర్టు ఒకచోట, డిసెంబరు దరఖాస్తు మరోచోట. అదే పేరు, అదే రాష్ట్రం, మధ్యలో మూడు నెలలు. వాటిని పక్కపక్కన పెట్టి చూసే రైటర్ ఉండి ఉంటే ఆ ఏడుగురూ ఇంటికి వెళ్లేవాళ్లేమో. ఆ ఘటన తర్వాత, కార్డు లేనివాళ్ల మీద వచ్చిన రిపోర్టులు కూడా దాచి, తర్వాత చూసుకునేలా స్టేట్ పోలీసులు నిబంధన మార్చారు. మంచిదే. 2019లోనే ఎందుకు అలా లేదన్నది నా కోపం.

పోలీసుకు ఇంత సమాచారం ఇస్తే మన ప్రైవసీ ఏమవుతుందని మీరు అడుగుతారు. అడగాల్సిందే. 2022లో కాలిఫోర్నియా న్యాయశాఖ వెబ్‌సైట్ పొరపాటున లక్షా తొంభై వేల మందికి పైగా వ్యక్తిగత వివరాలు బయటికి పొక్కాయి. వాళ్లంతా తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్లకు దరఖాస్తు చేసినవాళ్లు. పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలతో సహా. మన రాష్ట్రంలో 2011లో ఫాయిడ్ కార్డుదారుల పేర్లు పత్రికలకు ఇవ్వాలా వద్దా అని గొడవ జరిగి, చివరికి ఇవ్వకూడదని చట్టం చేశారు. అది సరైన చట్టం. ఊరందరికీ చూపించడం వేరు, ప్రమాదం ఉందన్న ఇంటికి బయల్దేరే పోలీసు చూసుకోవడం వేరు. రెండోదాన్ని మొదటిదానితో కలిపేసి భయపెట్టొద్దు.

హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప మీరు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. స్నేహితుడితో సరదాగా రేంజ్‌కి వెళ్లేవాళ్లు కూడా ముందు లాయర్‌ని అడగండి.

ఇక తల్లిదండ్రులకు. మీ అబ్బాయి, మీ అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, "ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్లాలి, ఈ ఫాయిడ్ దరఖాస్తు మీద ఒక సంతకం పెట్టు నాన్నా" అంటే చదవకుండా పెట్టకండి. పిల్లవాడు ఆ తుపాకీతో చేసే నష్టానికి సంతకం పెట్టినవాళ్లే బాధ్యులని మన ఫాయిడ్ చట్టంలో రాసి ఉంది. హైలాండ్ పార్క్ కుర్రాడి తండ్రి ఆ సంతకం విషయంలోనే 2023 నవంబరులో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 60 రోజుల జైలుశిక్ష పడింది. ఇప్పటికే సంతకం పెట్టి ఉండి, ఇప్పుడు పిల్లల సంగతి చూస్తే టెన్షన్‌గా ఉన్నవాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, ఆ సంతకంతో ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. తల్లిదండ్రులు అలా వెనక్కి తీసుకుంటే స్టేట్ పోలీసులు ఆ కార్డు రద్దు చేయవచ్చు. ప్రమాదం మరీ దగ్గరగా ఉందనిపిస్తే 2019 నుంచి ఫైర్ఆర్మ్స్ రిస్ట్రెయినింగ్ ఆర్డర్ ఉంది, అంటే ప్రమాదంగా ఉన్న మనిషి దగ్గర కొన్నాళ్లు తుపాకులు ఉండకుండా చేసే కోర్టు ఉత్తర్వు. కుటుంబసభ్యులే కౌంటీ సర్క్యూట్ కోర్టులో అడగొచ్చు. అత్యవసరమైతే ముందు 14 రోజులకు ఇస్తారు, విచారణ తర్వాత ఏడాదిదాకా ఇవ్వవచ్చు. పరువు పోతుందని ఆగకండి. ఆ కోర్టు ఫారాలు ప్రింట్ తీసి భోజనాల హాలు గుమ్మం పక్కన బల్లమీద పెట్టాను. నింపడం తెలియకపోతే నేను అక్కడే ఉంటాను, కూర్చుని నింపిపెడతాను.